బుగ్గ కారు నెత్తిన దీపం, దాని కింద తీగ



"బుగ్గ కారు" అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. మంత్రిగారో, పెద్ద అధికారో ఊళ్ళోకి వస్తే పిల్లలు "బుగ్గ కారు వచ్చిందిరోయ్" అంటూ వెంట పరుగెత్తేవారు. బుగ్గ అంటే చెంప. కారు నెత్తిన ఉబ్బిన చెంపలాగా ఎర్రగా ఉండేది కనుక ఆ పేరు వచ్చిందనుకోవచ్చు. తెలంగాణ వైపు బల్బునే బుగ్గ అంటారు, కాబట్టి ఆ దారినే వచ్చిందన్నా కాదనలేం. హిందీలో దాన్ని "లాల్ బత్తి" అన్నారు. బత్తి అన్నా మన వత్తి అన్నా ఒక తల్లి పిల్లలే, సంస్కృతంలోని "వర్తి" నుంచి వచ్చినవి. కన్నడంలో బత్తి, ఒడియాలో బతి, మరాఠీలో బత్తీ, తమిళులు దేవుడి ముందు వెలిగించే ఊదువత్తి, మనం వెలిగించే అగరువత్తి అన్నీ దాని సంతానమే. సరిహద్దున బతికేవాళ్ళకు ఇలాంటి చుట్టరికాలు రోజూ చెవిన పడుతూనే ఉంటాయి.

ఆ ఎర్ర బుగ్గ 2017 మే 1 నుంచి పెద్దల కార్ల మీద లేదు. అది ఎవరి కారు మీద ఉండాలి, ఎవరి కారు మీద ఉండకూడదు అన్న వాదం మన దేశంలో చాలాకాలం నడిచింది. ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది మాత్రం కారులో కూర్చున్న మనిషి గురించి కాదు. ఆ దీపానికి కింద నుంచి కరెంటు తీసుకువెళ్ళే తీగ గురించి. దీపం పెట్టేది పదిమందికీ కనబడాలని. తీగను వేసేది ఎవరి కంటా పడకూడదని. ఆ తీగను ఎందుకు దాచారు, దేనినుంచి దాచారు, దాచడం ఎలా నేర్చుకున్నారు అని అడుగుతూ పోతే నూరేళ్ళ చరిత్ర బయటపడుతుంది. దాన్ని అలంకారం కోసం దాచారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని నా అభిప్రాయం. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

మొదట మన ఎద్దుబండి దగ్గరికి వద్దాం. రాత్రి ప్రయాణమంటే బండి కింద, ఇరుసు పక్కన ఒక లాంతరు వేలాడేది. దీపాన్ని పైన పెట్టకుండా కింద ఎందుకు కట్టారంటారా? బండి అడుగున గాలి తగలదు. ఎద్దుల కాళ్ళ దగ్గర నేల కనబడుతుంది. వెనుక వచ్చేవాడికి ఇక్కడ ఒక బండి ఉందని తెలుస్తుంది. పైన గడ్డి ఉన్నా పత్తి ఉన్నా నిప్పు భయం కొంత తగ్గుతుంది. అప్పుడు తీగ లేదు, గొట్టం లేదు. నూనె, వత్తి, మంట మూడూ ఒక్క చోటే. దీపం ఎక్కడో, దానికి బలమిచ్చే సరుకు ఎక్కడో ఉండవలసి వచ్చినప్పుడే ఈ రెండింటినీ కలిపే దారి గురించి మనిషి ఆలోచించాడు.

ఆ అవసరం మోటారుతో వచ్చింది. తొలి మోటారు కార్లకు ముందు దీపాలు కార్బైడు దీపాలు. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగతనంగా వాడే ఆ బూడిదరంగు రాయి మీకు తెలిసినదే. 1892లో థామస్ విల్సన్ అనే ఆయన వేరే పదార్థం కోసం ప్రయోగం చేస్తుంటే దీన్ని చవకగా తయారుచేసే దారి దొరికింది. దాని మీద నీటి చుక్క పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, వెలిగిస్తే తెల్లటి మంట వస్తుంది. కారు పక్కన, కాలు పెట్టి ఎక్కే పలక మీద ఒక ఇత్తడి డబ్బా ఉండేది. అందులో కార్బైడు, నీళ్ళు. అక్కడి నుంచి ముందు దీపాలకు రబ్బరు గొట్టాలు పోయేవి. చూశారా, వాహనం ఒంటి మీద దీపం కోసం పరచిన తొలి "లైను" తీగ కాదు, వాయువు గొట్టం. దాన్ని దాచే ధైర్యం ఎవరికీ లేదు. ఎక్కడ పగిలినా వాసన తెలియాలి, కంటికి కనబడాలి. అన్నట్టు, తిరునాళ్ళలో బజ్జీల అంగళ్ళ ముందు వెల్లుల్లి వాసన కొడుతూ వెలిగే దీపాలు చూసిన పెద్దలకు ఈ సంగతి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

తరువాత విద్యుత్తు వచ్చింది. 1912 నమూనా కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు ఇంజను స్టార్టు చేయడానికీ, దీపాలకూ కలిపి ఒకే విద్యుత్తు ఏర్పాటు చేశాడు. అక్కడి నుంచే కారులో డైనమో, బాటరీ, తీగ అనే సంసారం స్థిరపడిందని చెప్పవచ్చు. పేదవాడి కారు అనిపించుకున్న ఫోర్డు టి మోడలుకు 1915లో విద్యుత్తు హెడ్‌లైట్లు వచ్చాయి కానీ వాటికి బాటరీ లేదు. ఇంజను తిరిగే వేగాన్ని బట్టి కరెంటు పుట్టేది. బండి నిదానిస్తే దీపం కూడా నిదానించేది. గుంతల్లో నెమ్మదిగా పోవలసిన చోటే వెలుతురు తగ్గేదన్నమాట. డైనమో సైకిలు తొక్కినవాళ్ళకు ఆ కష్టం తెలుసు.

తొలినాటి ఆ తీగలు ఎలా ఉండేవి? లోపల రాగి, దాని మీద రబ్బరు, రబ్బరు మీద నూలు అల్లిక. అనేక తీగలను కలిపి ఒక నూలు గొట్టంలో దూర్చేవారు. ఇంగ్లీషువాళ్ళు ఆ కట్టను "లూమ్" అన్నారు, అంటే మగ్గం. అమెరికావాళ్ళు "హార్నెస్" అన్నారు, అంటే గుర్రానికి వేసే పట్టెడ తాళ్ళు. మోటారు కొత్తది కానీ మాటలు నేతగాడివీ, గుర్రపు బండివాడివీ. మన దగ్గర మాత్రం ఆ మొత్తానికి "వైరింగు" అనే మాటే నిలిచింది. తీగ అనే చక్కటి తెలుగు మాటను మల్లెకూ కాకరకూ వదిలేశాం. హోసూరు వైపు తెలుగువాళ్ళు "కంబి" అన్నా, బళ్ళారి, రాయచూరుల్లో "తంతి" అన్నా, బరంపురం, రాయగడ వైపు "తార" అన్నా అర్థం ఒక్కటే. ఒకప్పటి తంతి తపాలా శాఖ పేరులో ఉన్నది కూడా ఆ తంతే.

ఆ రబ్బరూ నూలూ కలిసి చూడటానికి బాగుండేవి. బతుకు మాత్రం తక్కువ. ఇంజను వేడికి రబ్బరు ఎండి బీటలిచ్చేది. నూలు వాననీళ్ళనూ నూనెనూ పీల్చేది. నూనె పట్టిన నూలు అంటే వత్తే కదా! ఎక్కడ రాగి బయటపడి ఇనుముకు తగిలి రవ్వ ఎగిరిందో, అక్కడే వత్తి సిద్ధంగా ఉండేది. 1926లో వాల్డో సెమన్ అనే శాస్త్రజ్ఞుడు పి.వి.సి. ప్లాస్టిక్కును మెత్తగా, వంగేలా చేసే పద్ధతి కనుక్కున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాహనాల తీగల మీద నూలు పోయి ఈ ప్లాస్టిక్కు తొడుగు వచ్చింది. రంగురంగుల తొడుగులు కూడా దానితోనే సులువయ్యాయి.

యుద్ధం అన్నాను కనుక రెండు మాటలు. అది దీపాన్నే దాచిన కాలం. 1939 సెప్టెంబరులో బ్రిటనులో హెడ్‌లైట్లకు మూతలు వేసి, సన్నటి చీలికలోంచి మాత్రమే వెలుతురు రానిచ్చారు. మన తీరానికి కూడా ఆ భయం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కాకినాడ నుంచి యానాం ఎంత దూరమో యానాం శ్రోతలకు నేను చెప్పాలా? ఇంకొక సంగతి రేడియో వినే మీకు ఆసక్తిగా ఉంటుంది. ఇంజనులో రవ్వ పుట్టినప్పుడల్లా పక్కనున్న రేడియోలో గరగర వినిపిస్తుంది. అందుకని యుద్ధకాలపు సైనిక వాహనాల్లో తీగలకు లోహపు జాలీ తొడిగారు. అంటే తీగను కంటికి కాకుండా రేడియో చెవికి దాచడం అన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి, బండి నెత్తి మీదికి వెళదాం. అంతకు ముందు ఒక చిన్న పాఠం చెప్పక తప్పదు, ఉపాధ్యాయుణ్ణి కదా. సైకిలు డైనమో నుంచి దీపానికి ఎన్ని తీగలు పోతాయో గుర్తు తెచ్చుకోండి. ఒక్కటే. ఇంటి దీపానికి రెండు తీగలు కావాలి, సైకిలుకు ఒకటి ఎలా చాలింది? తిరుగు దారి సైకిలు చట్రమే. కారు కూడా అంతే. బాటరీ ఒక కొనను ఇనుప శరీరానికి కలిపేస్తారు. దీన్నే మెకానిక్కులు "ఎర్తు" అంటారు. భూమితో దానికి సంబంధం లేదు, పేరు అలా నిలిచింది. 1960ల దాకా ఇంగ్లండు కార్లలో చాలావాటికి బాటరీ ధన కొనను శరీరానికి కలిపేవారు, తరువాత ఋణ కొనకు మారారు. ఈ ఏర్పాటు వల్ల తీగలు సగం మిగిలాయి. కానీ దానితోపాటే ఒక ప్రమాదం కూడా వచ్చింది. బండి ఒళ్ళంతా తిరుగు దారే అయినప్పుడు, వెళ్ళే తీగ ఎక్కడ గీసుకుని ఇనుముకు తగిలినా అక్కడే చుట్టు పూర్తవుతుంది.

దీపం ఎంత కరెంటు తాగుతుందనేది ఇక్కడ పెద్ద లెక్క కాదు. లారీ నెత్తిన నాలుగు చిన్న దీపాలు, ఒక్కొక్కటి 5 వాట్లు అనుకోండి, మొత్తం 20 వాట్లు. 12 వోల్టుల బాటరీ మీద అది రెండు ఆంపియర్లకు లోపే. కానీ అదే బాటరీ ఇంజను స్టార్టు చేసేటప్పుడు వందల ఆంపియర్లు ఇస్తుంది. సన్నటి తీగ ఇనుముకు తగిలితే ఆ బలమంతా దాని మీద పడుతుంది. క్షణాల్లో తీగ ఎర్రబడుతుంది. అందుకే ఫ్యూజు అనే సన్నటి కాపలాదారును పెట్టారు. ఆ కాపలాదారు బాటరీకి దగ్గరగా ఉండాలి. దీపం దగ్గర ఫ్యూజు పెట్టి, బాటరీ నుంచి అక్కడి దాకా తీగను ఉత్తగా వదిలేస్తే ఊరి బయట గేటు వేసి ఊళ్ళో దొంగను వదిలినట్టే.

వోల్టుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాత కార్లు చాలావరకు 6 వోల్టులవి. 60 వాట్ల దీపానికి 6 వోల్టుల్లో 10 ఆంపియర్లు కావాలి, 12 వోల్టుల్లో 5 చాలు, పెద్ద బస్సుల్లో ఉండే 24 వోల్టుల్లో రెండున్నర చాలు. ఆంపియర్లు తగ్గితే తీగ సన్నబడుతుంది. సన్న తీగ అయితేనే స్తంభంలో దూరుతుంది, కప్పు అడుగున పడుకుంటుంది. ముందున్న బాటరీ నుంచి పైకప్పు దాకా తీగ చాలా దూరం పోవాలి కనుక ఈ లాభం నెత్తి దీపానికే ఎక్కువ దక్కింది.

మన దేశంలో లారీ ఎలా తయారయ్యేదో తెలిస్తే ఈ కథలో అసలు మలుపు అర్థమవుతుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేది లారీ కాదు, దాని అస్థిపంజరం. ఇంజను, చక్రాలు, పొడుగాటి చట్రం, ముందు భాగంలో ఒక మొహం, అంతే. తలకు గుడ్డ చుట్టుకుని, ఎండలో వానలో ఆ చట్రాన్ని తోలుకుపోయే డ్రైవర్లను మీరు జాతీయ రహదారుల మీద చూసే ఉంటారు. దానికి ఒళ్ళు కట్టేది నామక్కల్, తిరుచెంగోడు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్న వడ్రంగులు, కమ్మరులు, రంగులవాళ్ళు. అంటే ఫ్యాక్టరీవాళ్ళు అల్లిన తీగల కట్ట డ్రైవరు ముందుతోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి నెత్తికి పోయే తీగ ఫ్యాక్టరీ తీగ కాదు. దాన్ని వేసేది షెడ్డులోని ఎలక్ట్రీషియన్. దానికి కొలత పటం లేదు, ముద్ర లేదు. అతని చేతి వాటం, అతని మనస్సాక్షి, అతనికి యజమాని ఇచ్చిన డబ్బు, ఈ మూడే దానికి కొలత.

పైగా ఆ గది చాలాకాలం కొయ్యతో కట్టినది. కొయ్యలో కరెంటు తిరిగి రాదు. కాబట్టి సైకిలు లెక్క అక్కడ పనిచేయదు, రెండవ తీగ వేసి దాన్ని చట్రం దాకా తీసుకురావాలి. సోమరి పనివాడు దగ్గరలో దొరికిన ఏదో మేకుకు దాన్ని చుట్టేసేవాడు. రెండు వానలకు మేకు తుప్పు పట్టేది, దీపం మినుకుమినుకుమనేది. రాత్రి రోడ్డు మీద లారీ ఆగినప్పుడు పైదీపం ఆరిపోతే వెనుక వచ్చేవాడికి అక్కడ లారీ ఉన్నట్టే తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 107వ నియమం దీని కోసమే పుట్టింది. 2.1 మీటర్ల కన్నా వెడల్పయిన సరుకు బండ్లకు పైన ముందు రెండు మూలలా తెల్లవి, వెనుక రెండు మూలలా ఎర్రవి దీపాలు ఉండాలి, రాత్రి రోడ్డు మీద ఆగి ఉన్నప్పుడు అవి వెలుగుతూ ఉండాలి అని ఆ నియమం చెప్పింది. నాలుగు మూలల్లో దీపాలు వెలిగితే చీకట్లో బండి ఎత్తు, వెడల్పు గీత గీసినట్టు తెలుస్తాయి.

ఆ నాలుగు దీపాలకూ తీగ ఎలా పోవాలి? పనితెలిసినవాళ్ళు చేసే విధానం చెబుతాను. బయట గోడ మీద తీగను పాకించరు. కొమ్మలు, తాళ్ళు, సరుకు మూటలు దాన్ని తెంపేస్తాయి. అద్దం పక్కనున్న స్తంభం లోపలి బోలులోంచి పైకి తీసుకువెళతారు. కప్పుకు రేకు ఒకటి, లోపలి అట్టో గుడ్డో ఒకటి, ఆ రెంటి నడుమ తీగ పడుకుంటుంది. రేకుకు రంధ్రం చేసిన ప్రతిచోటా రబ్బరు ఉంగరం తొడుగుతారు. ఇది చూడటానికి అణా వస్తువు. కానీ నా లెక్కలో తీగలు దాచే విద్య అంతా ఈ రబ్బరు ఉంగరంలోనే ఉంది. రేకు అంచు కత్తి లాంటిది. బండి కదిలినప్పుడల్లా తీగ ఆ అంచు మీద కాస్త కాస్త రాసుకుంటుంది. ఏడాదికి తొడుగు కోసుకుపోతుంది. తీగ బయట ఉంటే ఎవరో ఒకరి కంట పడుతుంది. లోపల ఉంటే పడదు. అంటే దాచిన తీగకు కనబడే తీగకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలన్నమాట. చాలా షెడ్లలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. కనబడదు కదా అని పాత ముక్కలను మెలిపెట్టి, టేపు చుట్టి లోపలికి తోసేశారు.

నీటిది ఇంకో తమాషా. వాననీరు తీగను పట్టుకుని జారుతుంది, బావి తాడు మీద జారినట్టు. దీపం నుంచి తీగ నేరుగా కిందికి రంధ్రంలోకి దిగితే నీరు కూడా ఆతిథ్యానికి లోపలికి వస్తుంది. అందుకని రంధ్రానికి ముందు తీగను కిందికి ఒక వంపు తిప్పి, మళ్ళీ పైకి తెచ్చి లోపలికి పంపుతారు. నీరు ఆ వంపు అడుగున చుక్కగా కారిపోతుంది. ఇంటికి కరెంటు తీగ వచ్చే చోట కూడా ఈ వంపు వేస్తారు, రేపు మీ ఇంటి చూరు కింద చూడండి.

ఇక బుగ్గ దగ్గరికి. తిరిగే దీపం అంటాం కానీ పాత బుగ్గలో దీపం తిరగదు. బల్బు నిలిచే ఉంటుంది, దాని చుట్టూ ఒక చిన్న అద్దం మోటారు మీద తిరుగుతుంది. అద్దం మీవైపు తిరిగినప్పుడు కాంతి మీ కళ్ళలో పడుతుంది. అమెరికాలో ఫెడరల్ కంపెనీ "బీకన్ రే" అనే తిరిగే దీపాన్ని 1948లో తెచ్చింది. పోలీసు కార్లు, అగ్నిమాపక బండ్లు దాన్ని నెత్తికెత్తుకున్నాయి. ఉద్దేశం ఒక్కటే, దారి ఇవ్వండి, ఎవరి ప్రాణమో పోతోంది అని చెప్పడం.

మన దగ్గర అది అంబాసిడరు కారు నెత్తికి చేరింది. 1950ల చివర మొదలై 2014 మే దాకా పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన కారు అది. గుండ్రటి కప్పు, లోపల గుడ్డ, ఆ గుడ్డను పట్టి ఉంచే కమ్మీలు. తీగ దాచడానికి దేవుడిచ్చిన చోటు. అందులోని విద్యుత్తు సామాను సంగతికి వస్తే, మద్రాసు దగ్గర పాడిలో 1961లో పుట్టిన లూకాస్ టి.వి.ఎస్. పేరు ఆ తరం మెకానిక్కులకు కంఠస్థం. ఆ లూకాస్ మూలపురుషుడు జోసెఫ్ లూకాస్ బర్మింగ్‌హాం వీధుల్లో తోపుడుబండి మీద కిరసనాయిలు అమ్మినవాడు. తరువాత సైకిలు దీపాలు చేసి, వాటికి "రోడ్డుకు రాజు" అని పేరు పెట్టాడు.

బుగ్గను కారుకు తగిలించడానికి రెండు పద్ధతులుండేవి. ఒకటి అయస్కాంతం. బుగ్గ అడుగున అయస్కాంతం ఉంటుంది, కప్పు మీద పెడితే అతుక్కుంటుంది. దాని తీగ, టెలిఫోను తీగలాగా మెలికలు తిరిగినది, కిటికీలోంచి లోపలికి వచ్చి సిగరెట్టు వెలిగించే గుంటలో కూర్చుంటుంది. పని అయితే ఊడదీసి డిక్కీలో పడేయవచ్చు. రెండవది కప్పుకు రంధ్రం చేసి బోల్టులు బిగించి, తీగను గుడ్డ వెనుక, స్తంభం లోపల దాచడం. ఇక్కడ నాకు తోచే మాట ఒకటి చెబుతాను. కిటికీలోంచి తీగ కనబడితే ఆ దర్జా ఆ పూటది. తీగ కనబడకపోతే అది స్థిరమైన దర్జా. దీపం రంగు ఒకటే, వెలుగు ఒకటే. లోపల ఉన్నది పదవా, అరువు పదవా అన్నది తీగే చెప్పేది. ప్రాణాపాయం కోసం పుట్టిన దీపం దర్జాకు గుర్తుగా మారడం ఒక వింత అయితే, దాని కోసం కారు కప్పుకే బెజ్జం కొట్టడం మరో వింత.

1989 నియమాల్లో 108వ నియమం ఎర్ర దీపం ఎవరికో ప్రభుత్వాలు ప్రకటించవచ్చునంది. జాబితాలు పెరిగాయి. జాబితాలో లేనివాళ్ళు కూడా పెట్టుకున్నారు. 2013 డిసెంబరు 10న సుప్రీంకోర్టు అభయ్ సింగ్ కేసులో తీర్పు చెబుతూ, రాజ్యాంగ పదవుల్లోని అత్యున్నతులకు తప్ప ఇతరులకు ఎర్ర దీపం కూడదంది. 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం మొత్తానికే తీసేయాలని నిర్ణయించింది. మే 1 నుంచి రాష్ట్రపతికి, ప్రధానికి కూడా లేదు. అంబులెన్సు, అగ్నిమాపకం, పోలీసు లాంటి అత్యవసర పనులకు నెత్తి దీపాలు మిగిలాయి. అంటే దీపం పుట్టింటికి తిరిగి వెళ్ళిందన్నమాట.

ఆ పుట్టిల్లు ఎంత ముఖ్యమో సరిహద్దు జిల్లాలవాళ్ళకు వేరే చెప్పాలా? 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. 2008లో తమిళనాడుకూ కర్ణాటకకూ, 2013లో ఒడిశాకూ, 2014లో మహారాష్ట్రకూ వచ్చింది. భాషలు మారినా అంకె మారలేదు. రాత్రిపూట పల్లె దారిలో ఎదురొచ్చే ఎడ్లబండి గానీ, లారీ గానీ పక్కకు తప్పుకునేది ఆ నెత్తి దీపాన్ని చూసే. ఆ దీపం ఒక వానకు ఆరిపోయిందంటే, ఎక్కడో కప్పు లోపల ఎవరో రబ్బరు ఉంగరం వేయలేదన్నమాట. దర్జా కారు మీద దీపం ఆరితే పోయేది దర్జా ఒక్కటే. అంబులెన్సు మీద ఆరితే పోయేది లెక్క వేరు.

బస్సుల విషయంలో ఈ జాగ్రత్తను కాగితం మీదికి ఎక్కించారు. ఎ.ఐ.ఎస్. 052 అనే బస్సు బాడీ నియమావళిలో, తీగలు కోసుకోకుండా రాసుకోకుండా ఉండేలా బిగించాలనీ, దాదాపు ప్రతి చుట్టుకూ ఫ్యూజు ఉండాలనీ రాసి ఉంది. బాగుంది. కానీ షెడ్డులో కప్పు గుడ్డ కుట్టేసిన తరువాత దాని వెనుక ఏముందో చూసే కన్ను ఎవరిది? తనిఖీ చేసే అధికారి గుడ్డ విప్పడు. కాబట్టి మీరు బండి కట్టిస్తున్నవాళ్ళయితే, కప్పు మూయక ముందు ఒకసారి షెడ్డుకు వెళ్ళండి. రంధ్రాల దగ్గర వేలు పెట్టి చూడండి. రబ్బరు తగలాలి, రేకు తగలకూడదు.

ఈ మధ్య కుర్రవాళ్ళు జీపుల నెత్తిన పొడుగాటి ఎల్.ఇ.డి. పట్టీలు బిగిస్తున్నారు. ఎదురొచ్చేవాడి కళ్ళు పోగొట్టే ఆ వెలుగు రోడ్డు మీద అవసరమా అన్నది వేరే తగవు, నాకైతే నచ్చదు. తీగ సంగతి మాత్రం చెప్పి ఊరుకుంటాను. పాత స్తంభాలు బోలుగా ఉండేవి. కొత్త కార్లలో చాలావాటికి ఆ స్తంభంలో, కప్పు అంచులో గాలి సంచులు మడిచి ఉంటాయి. ప్రమాదం జరిగినప్పుడు అవి రెప్పపాటులో విచ్చుకోవాలి. వాటి మీదుగా తీగ లాగి బిగిస్తే సంచికి అడ్డం పడుతుంది. తాత కారులో మంచి దారి అయినది మనవడి కారులో చెడ్డ దారి కావచ్చు. తీగ సంచి వెనుకగా పోవాలి. దారి తెలియకపోతే తెలిసినవాడిని అడగాలి. స్విచ్చికి నేరుగా అంత కరెంటు పంపకుండా మధ్యలో రిలే పెట్టాలి. అప్పుడు స్విచ్చి గుండా చిన్న కరెంటే పోతుంది, పెద్దది రిలే మోస్తుంది.

చివరగా, 2017లో ఊడదీసిన ఆ బుగ్గల సంగతి. దీపాన్ని విప్పడం రెండు బోల్టుల పని, పది నిమిషాలు. కప్పు రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి, రంగు పూస్తే చాలు. కానీ గుడ్డ వెనుక, స్తంభం లోపల ఉన్న తీగను బయటికి లాగాలంటే లోపలంతా విప్పాలి. అంత ఓపిక ఎంతమందికి ఉంటుంది? పాత ప్రభుత్వ కార్లు వేలంలో అమ్ముడుపోతాయి. కొన్నవాళ్ళు మీలోనే ఉండవచ్చు. కప్పు నడుమ బిరడా కనబడితే, కింద బాటరీ దగ్గర నుంచి ఒక అనాథ తీగ పైకి పోతున్నదేమో మీ మెకానిక్కు చేత చూపించండి. దీపం లేకపోయినా ఆ తీగలో బలం ఉండవచ్చు, పై కొన విప్పినది విప్పినట్టు రేకు పక్కనే ఉండవచ్చు. పైన టేపు చుట్టడం కాదు, కింద బాటరీ వైపు కొనను ముందు విడదీయించండి. ఆ తరువాత తీగను లోపల ఉంచినా లాగేసినా మీ ఇష్టం.